రెండు గంటల యాభై నిమిషాలు

చెన్నై నుంచి ఢిల్లీకి పదిహేడు వందల అరవై కిలోమీటర్లు, విమానం రెండు గంటల యాభై నిమిషాలు అని మేనేజరు సుశీల్ కుమార్ ఫోను చూసి చెప్పాడు.

"రోడ్డు కూడా కలుపుకున్నా పన్నెండు గంటలు దాటదు. సంచికి రెండున్నర వేల రొయ్య పిల్లల్ని కట్టు."

తోటపల్లి గూడూరు దగ్గరి ఆ హ్యాచరీలో సామ్రాజ్యం పదకొండేళ్లుగా రొయ్య పిల్లల్ని సంచుల్లో కడుతోంది. నీళ్లు పోసి, ఆక్సిజన్ నింపి, మూతికి రబ్బరు బ్యాండు వేస్తారు. పిల్లలు ఎక్కువైతే ఆక్సిజన్ తొందరగా అయిపోతుంది.

"చెన్నైకి నాలుగు గంటలు," అంది వేళ్లు ముడుస్తూ. "విమానానికి నాలుగు గంటల ముందే పెట్టెలు అప్పగించాల. విమానం మూడు. దించుకునేదానికి రెండు. ఆడ్నించి రైతు ఉండే సిర్సాకు ఆరు. పంతొమ్మిది సార్. పదిహేను వందలు దాటితే చస్తాయి."

"నువ్వెప్పుడన్నా విమానం ఎక్కినావా?"

"నేను ఎక్కలా. నేను కట్టినవి ఎక్కినాయి."

షెడ్డులో ఇద్దరు నవ్వారు. సుశీల్ కుమార్ మొహం మారింది. "చెప్పింది చెయ్యి."

చేసింది. ప్రతి లోడులోనూ ఒక సంచిని, కొన్నవాళ్ల ఫోను వచ్చేదాకా, షెడ్డులోనే ఉంచుతారు. సాక్షి సంచి అంటారు. ఆ రోజు సామ్రాజ్యం రెండు ఉంచింది. ఒకదాంట్లో రెండున్నర వేలు, ఒకదాంట్లో పదిహేను వందలు. రెండింటినీ ఒక పెట్టెలో పెట్టి, దాని మీద మధ్యాహ్నం పన్నెండు అని రాసింది.

మర్నాడు ఏడున్నరకు ఆమె వచ్చేసరికి సుశీల్ కుమార్ గేటు దగ్గరే ఉన్నాడు. సిర్సా రైతు దగ్గర పిల్లలన్నీ చచ్చాయని ఫోను వచ్చింది. సామ్రాజ్యం మూతులు వదులుగా కట్టిందని యజమానికి చెప్పేశాడు. ఆ రైతుకూ ఆమె పేరు పెట్టి చెప్పాడు.

"రేపట్నించి రావాకు."

ఆమె షెడ్డులోకి వెళ్లి ఆ పెట్టె ఎత్తుకుని ఆఫీసుకు నడిచింది. యజమాని పద్మనాభయ్య టీ తాగుతున్నాడు. ఆయన ముందు రెండు బేసిన్లు పెట్టి, సంచులు విప్పి పోసింది.

"రెండూ నేను కట్టినవే అయ్యా. ఇది సార్ లెక్క. ఇది నా లెక్క."

పద్మనాభయ్య మొదటి బేసిన్‌లో వేలుపెట్టి తిప్పాడు. అడుగున తెల్లగా పడి ఉన్నవి నీళ్లతో పాటు తిరిగాయి. రెండోదాంట్లో తిప్పాడు. పిల్లలు నీటికి ఎదురీదాయి.

"నా కట్టు వదులైతే రెండూ చావాల గదా."

"సరేమ్మా, పనిలోకి పో. ఇంకమీద పదిహేను వందలే కట్టు."

సామ్రాజ్యం కదల్లేదు. "ఆ రైతుకు ఎవరు చెప్తారు?"

"నేను మాట్లాడతాలే," అన్నాడు వెనకే వచ్చిన సుశీల్ కుమార్.

"నా పేరు చెప్పేటప్పుడు కూడా మీరే మాట్లాడినారు. వీడియో కాల్ చెయ్యండి. ఆయన కళ్లతో చూస్తాడు."

సుశీల్ కుమార్ యజమాని వైపు చూశాడు. పద్మనాభయ్య గ్లాసు కింద పెట్టి, "చెయ్యి," అన్నాడు.

సిర్సా రైతు చెరువు గట్టు మీదే ఉన్నాడు. వెనక ఖాళీ పెట్టెలు. సామ్రాజ్యం ఫోను లాక్కుని ఒక బేసిన్ చూపించింది, తర్వాత రెండోది. అతను చాలాసేపు చూసి హిందీలో ఏదో అడిగాడు. సుశీల్ కుమార్ ఫోను కోసం చెయ్యి చాచాడు.

"ఏమంటా ఉండాడు?"

"ఎన్ని గంటల ప్రయాణానికని కట్టినారు అంటున్నాడు."

"చెప్పండి. ఎవరు కట్టమన్నారో కూడా చెప్పండి. హిందీలో అంకెలు నాకు తెలుసు సార్."

ఫోను సుశీల్ కుమార్ మొహానికి ఎదురుగా పట్టుకుని నిలబడింది.

"బారహ్ ఘంటే," అన్నాడు అతను. పన్నెండు గంటలు.

"ఇంకా ఉంది," అంది సామ్రాజ్యం. ఫోను దించలేదు.