ఫ్రాన్సిస్ గోడ మీది డొంక

శనివారం మధ్యాహ్నం వచ్చిందంటే కాలేబు సారుకి తరగతి గదిలో కాలు నిలవదు. తొమ్మిదో తరగతి పిల్లలు ముప్పై నలుగురి చేతా నోటుబుక్కులు పట్టించి ఊరి గోడల వెంట తిప్పుతాడు. సోషల్ పాఠం సగం గోడల మీదే ఉందంటాడాయన. ఎన్నికలకి ఏడాది ముందే పార్టీవాళ్ళు సున్నం కొట్టి రిజర్వు చేసుకున్న గోడ, విత్తనాల కంపెనీ మిరపకాయ బొమ్మేయించిన గోడ, మంచినీళ్ళు రావట్లేదని ఎవరో బొగ్గుతో తిట్టిపోసిన గోడ. ఒక్కోదాని ముందు ఆపి అడిగేది మాత్రం ఒకటే. ఈ గోడకి రంగులు కొన్నదెవరు, దీని మీద ఉన్నదెవరు, లేనిదెవరు? మొదట్లో పిల్లలు ఎండని తిట్టుకున్నారు గానీ, ఇప్పుడు శనివారం బడి ఎగ్గొట్టేవాడే లేడు.

ఆఖరున సొసైటీ గోడౌన్ దగ్గర ఆగుతారు. ఆ పొడుగాటి గోడ మీద పద్దెనిమిదేళ్ళ కింద ఫ్రాన్సిస్ అనే పెయింటరు ఊరు ఊరంతా బొమ్మేశాడు. ఫ్రాన్సిస్ వేసిన మనుషులు నడుస్తారు. పొద్దున్నే చేలకి పోతారు, నాలుగింటికి ఇళ్ళకి మళ్ళుతారు. ఊళ్ళో వాచీ లేనివాళ్ళు వాళ్ళని చూసే టైము చెప్పుకుంటారు, వానాకాలం కాస్త ఆలస్యం చేస్తారని విసుక్కుంటారు. ముందు వరసలో అందరికంటే పెద్దగా, తెల్లపంచె కట్టి చెయ్యెత్తిన బొమ్మ ఒక్కటే కదలదు. అది అప్పటి సర్పంచి హనుమంతరావుది. రంగులు కొనిచ్చింది ఆయనే మరి!

ఆ శనివారం సుష్మిత నోటుబుక్కు తెరవలేదు. సుష్మితది నాపరాళ్ళ క్వారీ కూలీల కాలనీ. కాలనీ నుంచి బడికి బండ్లు తిరిగే డొంక ఒకటుండేది. పోయినేడు హనుమంతరావు దానికి రాతి కడీలు పాతి, ముళ్ళతీగె చుట్టి, తన మిరప చేలో కలిపేసుకున్నాడు. పెద్దాయనతో ఎవరు పెట్టుకుంటారని అందరూ నోరు మూసుకున్నారు. అప్పట్నుంచి కాలనీ పిల్లలు లారీల రోడ్డున మూడు కిలోమీటర్లు చుట్టి వస్తున్నారు. మొన్న రాళ్ళ లారీ ఒకటి సుష్మిత బ్యాగుని ఈడ్చుకుపోయింది. పిల్ల బతికిందే చాలని వాళ్ళమ్మ బుజ్జమ్మ, వచ్చే నెల నుంచి బడి మాన్పించి మిరప కోతలకి తీసుకొస్తానని ముఠా మేస్త్రితో చెప్పేసింది.

ఇదంతా విని సారు ఓదార్చలేదు.

"ఈ గోడ మీద అందరూ మొహాలే చూస్తారు, మా తాత, మా అత్త అని. ఇయ్యాల కాళ్ళు చూడండి. ఎవరు ఎటు పోతన్నారో రాయండి," అన్నాడు.

నాలుగైంది. గోడ మీద మనుషులు ఇంటిదారి పట్టారు. సుష్మిత మెల్లగా నోటుబుక్కు తెరిచింది.

"సార్, మా నాయనమ్మ డొంకలోంచే పోతా ఉంది."

పద్దెనిమిదేళ్ళుగా ఈ గోడని చూస్తున్నా, దాని మీద డొంక అట్లాగే ఉందని ఒక్కరంటే ఒక్కరికి తట్టలేదు చూడండి, ఏం చెప్పాలి ఈ ఊరికి! ముప్పై నలుగురూ పేరు, టైము, దారి రాసుకున్నారు. సోమవారం దాన్నే అర్జీగా తీసుకుపోయి తహసీల్దారు మేడం చేతిలో పెట్టారు.

గురువారం మేడం వీఆర్వోని వెంటబెట్టుకుని గోడౌన్ దగ్గరికి వచ్చింది. హనుమంతరావు పట్టాదారు పాసుపుస్తకం ఆమె ముందు పెట్టి, అక్కడ డొంకనేదే లేదని, తనకి బుద్ధెరిగిన కాడ్నుంచి అది చేనేనని చెప్పాడు. ఆ డొంకన బండ్లు తోలిన పెద్దోళ్ళంతా తలొంచుకున్నారు. సుష్మిత లేచి, తను రాసుకున్నదంతా పేరు పేరునా చదివింది. మేడం గోడ ముందు కుర్చీ వేయించుకుని కూర్చుంది.

నాలుగింటికి గోడ మీది కూలీలు గంపలతో డొంకలోకి దిగారు. హనుమంతరావు నవ్వాడు.

"కూలోళ్ళు ఎటు పడితే అటు పోతారమ్మా. వాళ్ళ నడక కూడా ఒక సాక్ష్యమేనా?"

అప్పుడు తెల్లపంచె బొమ్మ చెయ్యి దించింది. పంచె ఎగ్గట్టి డొంకలోకి దిగింది. ఎదురొచ్చిన గంపకి పక్కకి తప్పుకుని దారిచ్చింది. అలా నడుచుకుంటూ కాలనీ దాకా పోయింది. హనుమంతరావు మొహాన నెత్తురు చుక్క లేదు.

"కాలనీకి మొదటి కుళాయి నేనే ఏయించా," అన్నాడు గొంతు తగ్గించి. "రోజూ ఆ డొంకనే పోయేవాణ్ణి."

మేడం వీఆర్వో వైపు తిరిగింది.

"పంచనామా రాయండి. మొదటి సాక్షి, హనుమంతరావు గారు."

ఎవరో కిసుక్కున నవ్వారు, ఆ తర్వాత ఊరంతా నవ్వింది. ఆయన కూడా నవ్వలేక నవ్వి సంతకం పెట్టాడు. పొద్దుగూకకముందే గడ్డపారలొచ్చాయి, కడీలు లేచాయి. పిల్లలు ఈలలేసుకుంటూ డొంక పొడుగునా పరిగెత్తారు. సుష్మితకి పట్టరాని సంతోషం. బ్యాగు నెత్తిన పెట్టుకుని అందరికంటే ముందు కాలనీ చేరింది.

బుజ్జమ్మ గుమ్మంలో నిలబడి కూతుర్ని చూసింది, కూతురొచ్చిన దారిని చూసింది. బావురుమని ఏడ్చి, ముక్కు చీది, ఫోను తీసి ముఠా మేస్త్రికి కలిపింది.

"అన్నా, కోతలకి నేనొక్కదాన్నే వస్తా. మా పిల్లకి బడుంది."