మూడు రాత్రుల గది

1942 అక్టోబరు 3, శనివారం. తెల్లవారేటప్పటికి సన్నని తుంపర, పది గంటలకు చొక్కా వీపుకు అంటుకునేంత ఉక్క, మధ్యాహ్నం మూడింటికి కొండ మీద నుంచి తెరలు తెరలుగా దిగిన వాన. పెరటాసి నెలలో మూడో శనివారం, కొండకు జనం విరగబడే రోజు. తిరుపతిలో గోవిందరాజస్వామి గుడి వెనక వీధులన్నీ తడిసిన పసుపు బట్టల వాసన వేస్తున్నాయి.

ఆ వీధుల్లో ఒకదాంట్లో మునిరామయ్య ఇల్లు ఉండేది. మూడు తరాలుగా వాళ్లది ఇత్తడి సామాన్ల అంగడి. ఆ రోజుల్లో బిందె కొనవచ్చినవాళ్లు దాన్ని వేలితో కొట్టి, చెవి దగ్గర పెట్టుకుని వినేవాళ్లు. కళ్లు మసకబారాక కూడా మునిరామయ్య ఆ మోతను బట్టి అది ఏ ఊరి కంచరి చేసిన బిందో చెప్పగలిగేవాడు. యుద్ధం వచ్చి ఇత్తడంతా గుండ్లకూ తూటాలకూ పోయింది. అంగడి మూసేశాడు. మిగిలింది ఇల్లు. ఐదు గదులు, నడవ, వంటిల్లు, సామాన్ల కొట్టు, వెనక బావి. ఆ ఏడు ఉగాది నుంచి కొండకు వచ్చేవాళ్లకు మూడు గదులు విడిచిపెట్టారు. ఆ ఆలోచన కూతురిది.

కూతురు జ్ఞానాంబకు అప్పటికి ముప్పై ఆరేళ్లు. కార్వేటినగరంలో ఇచ్చారు. నాలుగేళ్లకే భర్త పోతే ఒక ట్రంకుపెట్టెతో తిరిగి వచ్చింది. పదహారేళ్లు ఆ ఇంట్లో చప్పుడు కాకుండా తిరిగింది. శుభకార్యాలకు ఎవరూ పిలవలేదు, ఆమె ఎదురు రాకూడదని వీధిలోవాళ్లు కాసేపు ఆగి బయలుదేరేవాళ్లు. యాత్రికులకు అవేమీ తెలియవు. "అక్కా, నీళ్లు", "అక్కా, సున్నిపిండి" అని పొద్దస్తమానం పిలిచేవాళ్లు. ఆ పిలుపులు వినడానికే ఆమె నాలుగింటికి లేచేదని చెప్పవచ్చు. వాకిలి చిమ్మి, నీళ్లు తోడి, పెద్ద గుండిగలో ఆముదపాకులు వేసి కాచేది. కొండ ఎక్కేటప్పుడు కాళ్ల నొప్పులు తెలియవు. దిగి వచ్చిన మరుసటి పొద్దున, కూర్చున్నవాళ్లు లేవలేనప్పుడు తెలుస్తాయి. ఆ నీళ్లు పిక్కల మీద పోసుకుంటే హాయి. ఎన్ని వందల మందికి పోసిందో, తాను మాత్రం ఒక్కసారి కూడా కొండ ఎక్కలేదు. ఎవరూ తీసుకుపోలేదు.

సత్రాల్లో మాదిరే ఇక్కడా మూడు రాత్రుల కట్టుబాటు. నాలుగో పొద్దున గది ఖాళీ చేయాలి.

ఆ శనివారం వానలో నాయుడుపేట నుంచి పెంచలయ్య అనే రైతు, భార్యనూ తల్లినీ ఇద్దరు పిల్లలనూ వెంటబెట్టుకుని వచ్చి వాకిట్లో నిలబడ్డాడు. అప్పటికే నాలుగు సత్రాలు తిరిగి వచ్చారు.

"అమ్మా, చోటుండాదా?"

"ఉండాది, రాండి," అనేసింది జ్ఞానాంబ. మూడు గదులూ నిండిన సంగతి ఆ తర్వాత గుర్తొచ్చింది.

"యాడుండాదే? నా నెత్తిన పెడతావా?" అని ముందు గదిలోంచి మునిరామయ్య గొణిగాడు.

ఆమె లోపలికి వెళ్లి చూసింది. సామాన్ల కొట్టుకూ బావికీ మధ్య పొద్దున గోడ ఉన్నచోట ఒక తలుపు ఉంది. తీస్తే గది. కొత్తగా కొట్టిన సున్నం, గోడకు బట్టలు తగిలించుకోవడానికి ఐదు మేకులు, దీపానికి ఒక గూడు. మునిరామయ్య తడుముకుంటూ వచ్చి ద్వారబంధం పైకి చెయ్యి పెట్టి చూశాడు.

"వాకిలి పొట్టిగా ఉండాది. తల తగులుతాదని చెప్పు వాళ్లకు," అన్నాడు.

పక్కింటి కుప్పమ్మ పూలు కట్టి అమ్ముకునే మనిషి. ఆమె కూడా వచ్చి తొంగి చూసింది. "కిటికీ తూర్పుకు పెట్టుంటే ఎండొచ్చేది. పోనీలే, దానికి తోచినట్టు అది పెట్టింది," అని వెళ్లిపోయింది.

నాలుగో పొద్దున పెంచలయ్య వాళ్లు వెళ్లారు. జ్ఞానాంబ చీపురు పట్టుకుని వెళ్లేసరికి గోడ. పెంచలయ్య తల్లి దువ్వెన మరిచిపోయింది. పది రోజుల తర్వాత ఇంకెవరి కోసమో గది వచ్చినప్పుడు దువ్వెన గూట్లోనే ఉంది. ఆ వైపు పోయేవాళ్ల చేత పంపించారు.

తర్వాత అది మామూలైపోయింది. జనం ఎక్కువైన రోజు రెండు గదులు వచ్చేవి, ఒకసారి మూడు. మునిసిపాలిటీ మనిషి టేపు పట్టుకుని వచ్చి, కొలిచి, "ఈ రోజుకు ఏడు గదులు" అని రాసుకుని, మజ్జిగ తాగి పోయాడు.

చుట్టాలకు మాత్రం ఇల్లు గది ఇచ్చేది కాదు. జ్ఞానాంబ తమ్ముడు సుబ్రమణ్యం చిత్తూరు కోర్టులో కాగితాలు నకలు రాసే గుమాస్తా. సంక్రాంతి పోయిన వారానికి అతను భార్య నిర్మలమ్మనూ ఆమె పుట్టింటివాళ్లనూ తీసుకుని వచ్చాడు. గదులన్నీ యాత్రికులవి. కొత్త గది రాలేదు. అందరూ నడవలో పడుకున్నారు. నిర్మలమ్మకు కోపం వచ్చింది.

"ఊర్లో వాళ్లకంతా ఇస్తాది, ఇంటి కోడలికి ఇయ్యదా మామా?"

"నువ్వు అడిగితివా?" అన్నాడు మునిరామయ్య.

"మా ఇంట్లో మేం అడిగేదేంది?"

"అదే మరి," అని ఆయన అటు తిరిగి పడుకున్నాడు.

దానికి ముందే, డిసెంబరులో, ఒక చిన్న సంగతి జరిగింది. అప్పుడు ఎవరూ దాన్ని సంగతిగా అనుకోలేదు. కొండ దిగి వచ్చిన ఒక నిండు చూలాలికి వాకిట్లోనే నొప్పులు మొదలయ్యాయి. గది ఎక్కడ తెరుచుకుంటుందోనని వెతికే వ్యవధి లేదు. జ్ఞానాంబ వంటింటి పక్కన తన గదిలోకే ఆమెను తీసుకుపోయి తన చాప మీద పడుకోబెట్టింది. మగపిల్లవాడు. బాలింతను మూడు రాత్రులకే పంపడానికి మనసొప్పక పదకొండు రోజులు ఉంచింది. ఆ వెనకే ఒక పక్షవాతం మనిషి, ఆ తర్వాత చంటిబిడ్డల తల్లులు. వంటిల్లు దగ్గర కాబట్టి వేన్నీళ్లకు వీలని ఆ గది అటువంటివాళ్లకే అలవాటైంది. జ్ఞానాంబ ఒకరోజు పొయ్యి పక్కన, ఒకరోజు నడవలో, ఎండాకాలం బావిగట్టు దగ్గర చాప పరుచుకునేది. తనకొక గది కావాలని ఇంటిని అడగాలని ఆమెకు తోచలేదు. ఇంట్లో పుట్టిన మనిషి ఇంటినేం అడుగుతుంది? మునిరామయ్యకు చెప్పాలనీ తోచలేదు. ఆయనకు చూపు పూర్తిగా పోయింది, ముందు గది దాటి రావడం మానేశాడు.

1944 జనవరిలో మునిరామయ్య వీలునామా రాయించాడు. దస్తావేజులు రాసే వెంకటముని కలమూ సిరాబుడ్డీ తెచ్చుకుని మంచం పక్కన కూర్చున్నాడు. అప్పటికి చట్టం కూతుళ్లకు ఏమీ ఇవ్వలేదు. తండ్రి తనంతట తాను రాసిస్తేనే ఉన్నట్టు. మునిరామయ్య ముందు కూతురి మాటే ఎత్తాడు. 'నా కుమార్తె జ్ఞానాంబ తాను పడుకొను గదిని తన జీవితకాలమంతయు అనుభవించవలెను. తక్కిన ఇల్లు యావత్తు నా కుమారుడు సుబ్రమణ్యమునకు చెందవలెను.'

"ఏ గదో కొలతలు వేద్దామాన్నా?" అని వెంకటముని అడిగాడు.

"కొలతలెందుకప్పా? అది పండుకునే గదేదో వీధిలో కుక్కనడిగినా చెప్తాది."

"రేపు కాగితం సూసేది కుక్క కాదు కదన్నా."

"రాయప్పా నువ్వు," అని మునిరామయ్య నవ్వాడు. కూతురికి ఒక తలుపూ ఒక గడియా మిగిల్చానని ఆ రోజు ఆయన కడుపునిండా అన్నం తిన్నాడు. మార్చిలో పోయాడు.

ఏప్రిల్‌లో కొండకు బస్సు దారి తెరిచారు. మొదటి రోజుల్లో బస్సంటే గుడిలో భాగమే అనుకుని చెప్పులు కింద వదిలేసి ఎక్కిన ముసలమ్మలున్నారు. పైకి పోయాక వాటి కోసం వెతుక్కునేవాళ్లు. పొద్దున ఎక్కి సాయంత్రానికి దిగిపోయేవాళ్లకు గదులతో పనేముంది? ఎవరి పిక్కలకూ నొప్పి పుట్టలేదు. గుండిగలో ఆముదపాకుల నీళ్లు చల్లారిపోయేవి.

మేలో సుబ్రమణ్యం భార్యతో వచ్చాడు. ఇల్లంతా ఒక బస్సుల యజమానికి టైర్లూ సామాన్లూ పెట్టుకోవడానికి ఇస్తున్నట్టు చెప్పాడు. జ్ఞానాంబ పొయ్యి ముందు కూర్చుని వింది. కుప్పమ్మ గడప మీద పూలు కడుతోంది.

"నీ గది నీదే అక్కా. నాయన రాసినాడు. ఏ గదో చెప్తే దాన్ని విడిచిపెట్టి తక్కినవి ఇస్తాను."

జ్ఞానాంబ పొయ్యిలో పుల్ల ఎగదోసింది.

"వంటింటి పక్కదే కదా?"

"అందులో నేను పండుకుని ఏడాదిన్నర అయిందబ్బా."

"అయితే యాడ పండుకుంటాండావు?"

"యాడ చోటుంటే ఆడ."

కుప్పమ్మకు ఉండబట్టలేదు. "అదే నా గది అని చెప్పెయ్యవే! నోరు అరిగిపోతాదా?"

"నాయన రాయించిన కాగితం మీద అబద్ధం ఎట్ల చెప్పేది కుప్పమ్మా? అందులో పండుకున్నోళ్లు ఎంతమందో నీకు తెలీదా?"

సుబ్రమణ్యం చెడ్డవాడు కాదు. ఇరవై ఏళ్లుగా కాగితంలో ఉన్న అక్షరం ఉన్నట్టు దించి రాయడమే అతని పని. ఒక పొల్లు మారినా పై అధికారి చింపి మళ్లీ రాయమనేవాడు. ఆ కాగితాన్ని పైనుంచి కిందికి మూడుసార్లు చదివాడు. 'పడుకొను గది' అని ఉంది. అటువంటి గది లేదు. లేనిదాన్ని ఎట్లా విడిచిపెట్టాలో అతనికి తెలియలేదు.

"మాతో చిత్తూరికి రా అక్కా."

"అవును వదినా," అంది నిర్మలమ్మ. "పిల్లకాయలకు ఇంత వండి పెడతా మాతోనే ఉండు. మాకూ తోడుంటాది."

తోడంటే ఏమిటో జ్ఞానాంబకు కార్వేటినగరంలోనే, భర్త పోయిన కొత్తలో తెలిసింది. మరొకరి వంటింట్లో, మరొకరి పిల్లల పిలుపులకు లేస్తూ, పండగ రోజు వెనక గదిలో కూర్చోవడం. ఆమె లేచి ఒక చీర, ఒక లోటా మూటకట్టుకుంది.

"రైలు సాయంత్రానికి కదా వదినా, ఇప్పుడే యాడికి?"

"కొండకు పోయొస్తాను నిర్మలా."

అలిపిరి దాకా ఎండలో నడిచింది. మెట్లెక్కింది. మోకాళ్ల పర్వతం దగ్గర చేతులు కూడా ఆనించి ఎక్కింది. పైన ఏమని మొక్కుకుందో ఎవరికీ చెప్పలేదు. రెండు రాత్రులు మంటపంలో పడుకుని మూడో రోజు దిగి వచ్చింది. ఇంటి తిన్నె మీద సుబ్రమణ్యం, బస్సుల యజమాని పంపిన గుమాస్తా కూర్చుని ఉన్నారు. జ్ఞానాంబ గడప దాటలేదు. వీధిలోనే నిలబడి, వాపెక్కిన కాళ్లు మార్చుకుంటూ అడిగింది.

"కొండకు పోయొచ్చినాను. చోటుండాదా?"

"ఏందక్కా ఇది? లోపలికి రా," అన్నాడు సుబ్రమణ్యం.

"నిన్ను కాదబ్బా అడిగింది."

ఆమె చూపు ఇంటి మీదే ఉంది. తర్వాత గుమాస్తా తల తిప్పాడు. "లోపల ఎవరో గడియ తీసినట్టుండాది, సూడండి."

కొట్టుకూ బావికీ మధ్య తలుపు ఉంది. లోపల ఒక్క మనిషి కాళ్లు చాపుకునేంత గది, గోడకు ఒకే మేకు. సుబ్రమణ్యం కాగితం తెచ్చి ఎల్లలు చదివాడు. అటు గోడ, ఇటు గోడ. ఈ గది అందులో లేదు. కాగితంలో లేనిదాన్ని తాను అమ్మనూ లేడు, అద్దెకు ఇవ్వనూ లేడు. కాగితం మడిచి జేబులో పెట్టుకున్నాడు. కుప్పమ్మ వేన్నీళ్లు తెచ్చి జ్ఞానాంబ పిక్కల మీద పోసింది.

నాలుగో పొద్దున గోడ. జ్ఞానాంబ అప్పటికే మూటతో వీధిలో ఉంది.

అట్లా ఐదున్నరేళ్లు గడిచాయి. మూడు రాత్రులు పుట్టింట్లో, టైర్ల వాసనలో. నాలుగో పొద్దున అలిపిరి. మెట్ల దారిలో కొబ్బరికాయలమ్మేవాళ్లు ఆమెను చూసి రోజులు లెక్కపెట్టుకునేవాళ్లు. ఒక వర్షాకాలం జ్వరం వస్తే సుబ్రమణ్యమే చిత్తూరు నుంచి వచ్చి బతిమాలి కొండకు బస్సెక్కించాడు. దిగి వచ్చి అడిగితే గోడ కదల్లేదు. ఆ రాత్రి తిన్నె మీద తమ్ముడి పక్కన కూర్చునే తెల్లవార్చింది. మరునాడు జ్వరంతోనే నడిచింది.

"నాతో ఒక్క అబద్ధం చెప్పుంటే పోయేది కదక్కా," అన్నాడు అతను, ఆమె తిరిగి వచ్చి గదిలో పడుకున్నాక, వాకిట్లోంచే.

"కాగితంలో నువ్వొక్క మాట కొట్టేసుంటే పోయేది కదబ్బా," అంది ఆమె. ఇద్దరికీ ఆ రెండూ చేతకాలేదు.

1949 నవంబరులో, గాలిగోపురానికి ఇరవై మెట్ల కింద, వానలో కూర్చున్న మనిషి కూర్చున్నట్టే ఉంటే కొబ్బరికాయలవాళ్లు గుర్తుపట్టారు. ఆ పొద్దునే, అడిగేవాళ్లు లేకుండానే, ఇంట్లో తలుపు తెరుచుకుంది. కుప్పమ్మ చూసి, ఆమె వస్తోందనుకుని పొయ్యి రాజేసింది. సాయంత్రానికి నలుగురు మోసుకొచ్చారు. కర్మలకు సుబ్రమణ్యం వచ్చాడు. తలుపు మూడు రాత్రులూ తెరిచే ఉంది. అతను లోపలికి పోలేదు. మూడో సాయంత్రం వీధిలోకి వెళ్లి నిలబడి ఏదో అనబోయి ఊరుకున్నాడని కుప్పమ్మ చెప్పింది. నాలుగో పొద్దున గోడ. ఆ తర్వాత అక్కడ గది రాలేదు.

పంపకాల్లో ఇల్లూ బావీ సుబ్రమణ్యానికి, అతని తర్వాత ఇద్దరు కొడుకులకు చెరి సగం. కార్వేటినగరం ట్రంకుపెట్టె నిర్మలమ్మకు. ఆమె దాన్ని తెరవకుండానే దాచింది. గుండిగ కుప్పమ్మకు. చీరా లోటా మోసుకొచ్చినవాళ్లు పట్టుకుపోయారు. వీలునామాలో జ్ఞానాంబ పేరున్న వాక్యం పక్కన, మార్జినులో, సుబ్రమణ్యం తన గుండ్రటి కోర్టు చేతిరాతతో 'అనుభవములోనికి రాలేదు' అని రాసి, తారీఖు వేసి, సంతకం చేశాడు.