నిన్నటి మాట

సాతంరాయిలో చంద్రమ్మ ఇంట్లో పొద్దున ఏడు కాగానే టీవీ మోగేది. రాశిఫలాలు చెప్పే పంతులు గొంతు మూడిళ్ల అవతలికి వినపడేంత గట్టిగా పెట్టేది. రాశుల మీద ఆమెకు పెద్ద నమ్మకమేమీ లేదు. ఏడింటికి కొడుకు నిన్న మాట్లాడిన మాటలు వస్తాయి, అవి చెవిన పడకూడదు, అంతే సంగతి.

అరవింద్ పుట్టుకే అలాంటిది. ఇవాళ అన్న మాట రేపు అదే వేళకు, అన్న చోటనే వినపడేది. పెదాలు ఇవాళ కదిలితే గొంతు రేపు వచ్చేది. పసివాడప్పుడు అందరూ ఊరడించి నిద్రపుచ్చాక, మర్నాడు ఉత్త ఉయ్యాల ఏడ్చేది. ఊరికి ఇదేమీ వింత కాదు. హోటల్ జంగయ్యకు ఖాళీ బెంచీ మీంచి "అన్నా, జర అల్లం ఎక్కువెయ్యి" అని వినపడితే, నిన్నటిదని తెలిసీ అల్లం దంచేవాడు. బడిలో సారు ఎక్కం ఇవాళ అడిగి రేపు వినేవాడు. ఇప్పుడు అతను పనిచేసేది విమానాశ్రయంలో సామాన్లు ఎక్కించే చోట. విమానాల మోతకు అందరూ చెవులు మూసుకుని చేతులతోనే చెప్పుకుంటారు కాబట్టి అక్కడ అసలు ఇబ్బందే లేదు.

ఇబ్బందంతా చంద్రమ్మకే. "నా కొడుకు అందరి లెక్కనే. ఏం ఫరక్ లేదు" అని అడిగినవాళ్లకూ అడగనివాళ్లకూ చెప్పేది. ప్రేమ లేక కాదు పాపం. ప్రేమంటే అలా అనడమే అనుకుంది. ఎవరేం అడిగినా కొడుకు పెదవి కదిపేలోపు తనే జవాబిచ్చేసేది. కొత్తవాళ్లకు అతను ఫోన్‌లో రాసి చూపిస్తే ఆమెకు తల కొట్టేసినట్టుండేది.

"ఇమానం ముందుగాల కనబడ్తది, సప్పుడు ఎనక వస్తది. దానికి ఎవలన్న పరేషాన్ అయితుండ్రా? నువ్వు గూడ జర ఆగి వినరాదే" అనేవాడు భర్త చెన్నయ్య.

"ఇనేదేమున్నది? వాని మనసుల ఏమున్నదో కన్నతల్లికి తెల్వదా?" అనేది చంద్రమ్మ.

ఇరవై ఏడేళ్లు అలాగే గడిచాయి. మంఖాల్‌లో సంబంధం కుదిరేలా ఉందని కబురొచ్చింది. పిల్ల పేరు కళ్యాణి. మహేశ్వరంలో కుట్టు దుకాణం నడుపుతోంది. పెండ్లిచూపులకు కారులో పోతుంటే చంద్రమ్మ కొడుకు జేబులోంచి ఫోన్ తీసి తన సంచిలో వేసుకుంది.

"గందరి ముంగట ఫోన్ల రాసుడు మంచిగ కనబడదు బిడ్డా. గొంతు పట్టిందని నేను చెప్త. పెండ్లయినంక అన్నీ మెల్లగ తెలుస్తయి."

అరవింద్ ఆమెకేసి తిరిగి ఏదో అన్నాడు. చంద్రమ్మ కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చుంది. ఆ మాట మర్నాడు శ్రీశైలం రోడ్డు మీద, వినేవాళ్లు లేని చోట వినపడే ఉంటుంది.

పదకొండింటికి చాయ్ తాగడం అయ్యాక కళ్యాణి తలెత్తి సూటిగా అడిగింది. "నేను దుకాణం బంద్ చెయ్య. మీకు ఇష్టమేనా?"

అరవింద్ కుర్చీలో ముందుకు వంగాడు. పెదాలు కదిలాయి, చాలాసేపు కదిలాయి. చంద్రమ్మ వెంటనే అందుకుంది.

"గొంతు పట్టింది బిడ్డా. నువ్వు బాగ నచ్చినవంటుండు. పెండ్లయినంక దుకాణమెందుకు, ఇంటి పట్టున ఉంటే సాలంటుండు."

కళ్యాణి ముఖం ముడుచుకుపోయింది. ఆ సాయంత్రమే పిల్లవాళ్లు సంబంధం చూసిన పెద్దమనిషితో వద్దని చెప్పి పంపారు. అరవింద్ ఆ మాట విని, అన్నం ముందు కాసేపు కూర్చుని, డ్యూటీకి వెళ్లిపోయాడు. కొడుకుకి ప్రీతి అని చంద్రమ్మ వండిన గుత్తివంకాయ అలాగే ఉండిపోయింది.

మర్నాడు పదకొండింటికి చంద్రమ్మ సంచిలో ఫోన్ మోగింది. కొడుకు ఫోన్ తన దగ్గరే ఉండిపోయిందని అప్పుడు గుర్తొచ్చింది. ఎత్తి, అరవింద్ వాళ్లమ్మనంది.

"అత్తమ్మా, నేను కళ్యాణిని. ఇప్పుడే మీ అబ్బాయి మా అర్రల మాట్లాడిండు."

మాట అన్నచోటనే వస్తుందని ఊళ్లో చిన్నపిల్లలకు కూడా తెలుసు. ఎన్నడూ ఆగి వినని చంద్రమ్మ ఒక్కతే ఆ సంగతి మరిచిపోయింది.

"ఏమన్నడు బిడ్డా?"

"నా మాట ఒక దినం ఆగి వస్తది, అమ్మకు చెప్పుకునుడు ఇష్టం లేదు, ఆమె మీద కోపం చెయ్యకుండ్రి అన్నడు. దుకాణం నడుపుకోమన్నడు. నేను వంటింట్ల ఉన్న, ఉరికొచ్చేసరికి సగం అయిపోయింది. మిగిలింది అడుగుదామని ఫోన్ చేసిన. ఆయన అందరి లెక్క కాదు గదా అత్తమ్మా. గది నిన్ననే చెప్తే అయిపోతుండె. ఆగుడు నాకు కష్టం కాదు. కానీ ఆయన జవాబు ఆయననే చెప్పనియ్యాలె."

ఫోన్ పెట్టేశాక చంద్రమ్మ చాలాసేపు గచ్చు మీదే కూర్చుంది. చెన్నయ్య వచ్చి సంగతంతా విన్నాడు.

"ఇంక నాకు తెల్వనివి ఏమేమున్నయి?" అని అడిగిందామె.

"వానికి వంకాయ పడదు. ఆరేండ్ల సంది చెప్తనే ఉన్నడు" అన్నాడు చెన్నయ్య. "నేను జెప్తె నువ్వు ఇన్నవా?"

పెండ్లి జరిగింది. ఇద్దరికీ పని దగ్గరవుతుందని శంషాబాద్‌లో ఇల్లు కిరాయికి తీసుకున్నారు. వెళ్లేరోజు పొద్దున ఏడింటికి చంద్రమ్మ ఆటోలో గిన్నెలు సర్దించడంలో మునిగిపోయింది. గడపలో నిలబడి అరవింద్ పెదాలు కదిపాడు. పాత అలవాటు, ఆమె నోటికి అదే వచ్చింది. "ఆ, ఆ, సరే బిడ్డా, పైలంగ పోండ్రి."

మర్నాడు ఏడు కావస్తుంటే చంద్రమ్మ చెయ్యి రిమోట్ మీదికి వెళ్లింది. వెనక్కి తీసుకుంది. గడపకెదురుగా పీట వేసుకుని కూర్చుంది. చెన్నయ్య పక్కనే గోడకానుకున్నాడు. కొడుకు గొంతు ఇంత మెత్తగా ఉంటుందని ఆమెకు ఆ రోజే తెలిసింది.

"అమ్మా, పోయొస్త. బీపీ గోలీలు ఫ్రిజ్ మీద పెట్టిన. ఇగ రేపటిసంది టీవీ గంత గట్టిగ పెట్టుకునే పని లేదు. నా మాటలు గీ ఒక్కనాడే వస్తయి."

చంద్రమ్మ కొంగు నోటికడ్డం పెట్టుకుని ఏడ్చింది. ఆ మర్నాడూ ఏడింటికి టీవీ పెట్టలేదు. పీట వేసుకుని గడపకెదురుగా కూర్చుని, "చెప్పు బిడ్డా, వింటున్న" అంది. ఎనిమిది దాకా కూర్చుంది. ఏ మాటా రాలేదు.