ఖాళీ గూడు

డెబ్బై ఏడు ఉప్పెన వచ్చిన మరుసటేడు ఎండాకాలం. జగ్గయ్యపేటలో కుటుంబరావు గారి కిరాణా కొట్లో కాటా దగ్గర నా పని. ఇరవై ఏళ్ళుగా అదే పీట. పైన దూలం మీద పావురాల గూడు ఉండేది. అది ఉంటే కొట్టుకి కలిసొస్తుందని అయ్యగారి నమ్మకం. పిల్లలతో సహా పావురాలన్నీ ఎగిరిపోయినా, మళ్ళీ వస్తాయని గూడు తీయనివ్వలా.

అవి పోయిన నాలుగో రోజు నా మెడ మీద, నడుం చుట్టూ దద్దుర్లు లేచాయి. గోకి గోకి రక్తాలొచ్చాయి.

"అది గజ్జి, సాంబయ్యా," అన్నారు అయ్యగారు. తూకం రాయి నా చేతికివ్వకుండా బల్ల మీద పెట్టారు. "పప్పూ బియ్యం ముట్టుకునే చెయ్యి. ఇంటికి పో. శనివారానికి తగ్గకపోతే ఇంకో మనిషిని చూసుకుంటా."

ఈ పని తప్ప నాకింకోటి రాదు.

నందిగామ వెళ్ళి డాక్టరు గారికి చూపించా.

"ఇంట్లో ఇంకెవరికన్నా ఉందా?"

"లేదండి. మా ఇంటిది నా పక్కనే పడుకుంటది."

"గజ్జయితే ఈపాటికి ఆమెకీ అంటేది. నువ్వు కూర్చునే చోట పిట్టలున్నాయా?"

చెప్పా.

"పావురాల ఒంటి మీది పురుగులవి. పావురాలు పోతే ఆకలికి కిందికి దిగి మనుషుల్ని కుడతాయి. ముందు గూడు తీయించు."

శనివారం పొద్దున్నే కొట్టుకెళ్ళా. నా పీట మీద అయ్యగారి భార్య సత్యనారాయణమ్మ గారు కూర్చుని తూస్తున్నారు. మధ్య మధ్యలో మెడ గోక్కుంటున్నారు.

"గూడు తీయాలండి," అన్నా.

"నీ గజ్జికి నా పావురాలేం చేశాయిరా?" అన్నారు అయ్యగారు.

నాకు వాదించటం రాదు. భుజం మీది తెల్ల తువ్వాలు గూటి కింద బల్ల మీద పరిచా. కర్రతో దూలం మీద రెండు దెబ్బలేశా. తువ్వాలు మీద సన్నటి దుమ్ము రాలింది.

"దుమ్మేగా," అన్నారాయన, బల్ల మీద చెయ్యి ఆనించి.

కాసేపటికి దుమ్ము కదిలింది. గసగసాల కంటే సన్నంగా, ఆయన చేతి వైపుకే నడిచింది. ఆయన చెయ్యి లాక్కున్నారు.

సత్యనారాయణమ్మ గారు పీట మీంచి లేచి మెడ చూపించారు. ఎర్రగా కందిపోయి ఉంది. "నేనితన్ని ముట్టుకోలేదు. నాకెలా వచ్చిందంటారు?"

అయ్యగారు దూలం వంక చాలాసేపు చూశారు.

"నిచ్చెన తెచ్చుకో," అన్నారు చివరికి.

గూడు గోనెలో వేసి దొడ్లో తగలబెట్టా. దూలం కిరసనాయిలుతో తుడిచా. సాయంత్రం రెండు పావురాలొచ్చి, దూలం మీద కాస్త తచ్చాడి, ఎదురు కొట్టు చూరులోకి పోయాయి.

"ఇంక వాళ్ళకి కలిసొస్తుంది," అన్నారు అయ్యగారు.

"దురద కూడా," అన్నారు సత్యనారాయణమ్మ గారు.

ఆయన నవ్వలా. అయిదు కిలోల రాయి తీసి, బల్ల మీద పెట్టకుండా నా చేతికిచ్చారు.