మెర్ల్ అడుగులు

పొద్దున్నే రొట్టె కోసం కొట్టుకి వెళ్ళేటప్పుడు మెర్ల్ నిన్నటి తన అడుగుల్లోనే అడుగులేసుకుంటూ వెళ్తుంది. ఉన్నవి చాలవా, కొత్తవెందుకు అంటుంది. ఆస్ట్రేలియా ఎడారిలోని మా హార్లో బోర్ ఊళ్ళో ఆమె అడుగులు పడని చోటు తక్కువ. గాలి వీచినా, వాన కురిసినా, పశువుల మంద తొక్కినా అవి చెరగవు. రోడ్డు చదును చేసే బండి వచ్చినప్పుడు డ్రైవరు వాటి దగ్గర బ్లేడు కాస్త పైకెత్తి, దాటాక మళ్ళీ దించుతాడు. వాన వెలిసిన మర్నాడు కోళ్ళు వాటిల్లో నీళ్ళు తాగుతుంటాయి.

మెర్ల్ భర్త క్లారీ కనబడకుండా పోయిన నాటి నుంచీ ఇంతే. పంపు బాగుచెయ్యాలని, పశువుల నీళ్ళ కోసం తవ్విన తూర్పు బోరుకి వెళ్ళాడాయన. దుమ్ము తుఫాను వచ్చింది. బండి దొరికింది, మనిషి దొరకలేదు. పోలీసులు వెతికారు, విమానం వెతికింది, తర్వాత మానేశారు. మెర్ల్ మానలేదు. పబ్బులో వంట చేసేదప్పుడు. సెలవు దొరికితే చాలు, చంటిపిల్లని పక్కింట్లో వదిలి, తూర్పు బోరు దగ్గర బండి ఆపి, ఇసుక దిబ్బల్లోకి నడిచేది. పొద్దుగూకేవేళకి తిరిగొచ్చేది. మోకాళ్ళు మొరాయించేదాకా, ఏళ్ళకేళ్ళు అలా నడిచింది.

ఆ చంటిపిల్లే జెనీన్. ఆమె మొగుడు కీరన్‌ది అడిలైడ్. ఎడారి ఫొటోలు తియ్యడానికొచ్చి జెనీన్ కోసం ఇక్కడే ఉండిపోయాడు. అతను తీసిన ఎర్ర దిబ్బలు దేశమంతా క్యాలెండర్ల మీద వేలాడుతుంటాయి. గాలి దువ్విన ఇసుక, దాని మీద ఏటవాలు వెలుతురు, అంతే. పురుగు నడిచిన జాడ కూడా ఉండకూడదు. తెల్లారకముందే లేచి, కాళ్ళీడ్చుకుంటూ దిబ్బ ఎక్కి చూస్తే, శిఖరం మీద వరసగా అత్తగారి బూట్ల గుర్తులు.

"అత్తా, నిన్న ఆ పెద్ద దిబ్బ మీద కూడా నీ అడుగులే," అన్నాడు ఓ సాయంత్రం భోజనాల దగ్గర.

"మంచి దిబ్బ అది. పైకెక్కితే చాలా దూరం కనిపిస్తుంది."

"మరి నేను ఫొటో ఎలా తియ్యను?"

"వాటితో పాటే తియ్యి. ఎవరొద్దన్నారు?"

"ఎవరూ తొక్కని ఇసుక కావాలి నాకు."

"అలాంటి చోటేదైనా కనిపిస్తే నాకూ చెప్పు అల్లుడూ," అంది మెర్ల్ మాంసం ముక్క కోసుకుంటూ. "వెతకడం అక్కడొక్కచోటే మిగిలిపోయిందేమో."

జెనీన్ బల్ల కింద మొగుడి కాలు గట్టిగా తన్నింది.

కానీ ఆ మాట అతని బుర్రలోంచి పోలేదు. ఎండలు ముదురుతున్న రోజుల్లో ఓ మధ్యాహ్నం తూర్పు బోరు దాటి, ఎన్నడూ వెళ్ళనంత లోపలికి బండి తోలాడు. దిబ్బ దిగి దిబ్బ ఎక్కుతూ పోగా పోగా, అడుగుల జాడ లేని ఇసుక కనబడింది. బండి ఆపి, కెమెరా, ట్రైపాడ్, ఒక నీళ్ళ సీసా భుజాన వేసుకుని నడిచాడు. ఒక దిబ్బ కంటే తర్వాతది బాగుంది. దానికంటే ఆ తర్వాతది. తన అడుగులు ఫొటోలో పడకుండా ముందుకే పోతూ తీశాడు.

గాలి దక్షిణం నుంచి లేచింది. ముందు కాళ్ళ దగ్గర ఇసుక పాకింది, తర్వాత ఆకాశం ఎర్రగా మూసుకుపోయింది. చొక్కా మొహానికి చుట్టుకుని కెమెరా మీద బోర్లా పడుకున్నాడు. గాలి తగ్గి లేచేసరికి, అతని అడుగుల్లో ఒక్కటీ మిగల్లేదు. చుట్టూ దువ్వినట్టు ఇసుక. అతను జీవితమంతా కోరుకున్నది సరిగ్గా అదే.

బండి ఇటే అనుకున్న వైపు నడిచాడు. లేదు. ఇంకో వైపు నడిచాడు. లేదు. శాటిలైట్ ఫోను, నీళ్ళ డబ్బాలు అన్నీ బండిలోనే ఉన్నాయి. మర్నాడు ఎండ ఎక్కాక గిడ్జీ అనే తుమ్మజాతి పొద కింద ఇసుక తవ్వుకుని, ఆ గుంటలో పడుకున్నాడు. సీసా ఖాళీ అయింది. నాలుక అట్ట ముక్కలా ఉంది. జెనీన్‌తో చివరిసారి ఏం మాట్లాడానా అని ఆలోచించాడు. చెత్త బుట్ట బయట పెట్టమంది. పెట్టకుండానే వచ్చాడు. అది తలుచుకుంటే ఏడుపొచ్చింది గానీ కన్నీళ్ళు రాలేదు.

పొద్దు వాలాక మెల్లగా లేచాడు. వెలుతురు ఇసుకని పక్కనుంచి తాకుతోంది. చిన్న గుంట కూడా నీడ పట్టే వేళ అది. అలవాటుగా కళ్ళు చికిలించి చూశాడు. ఎదుటి దిబ్బ మీద సన్నగా రెండు చుక్కల గీతలు.

పాక్కుంటూ వెళ్ళాడు. చిన్న బూట్లు, ఎడమ మడమ అరిగింది. రోజూ పొద్దున్నే తిట్టుకునే ఆ గుర్తుల మీద అరచెయ్యి ఆనించాడు.

ఒక వరస అటు వెళ్తోంది, ఒకటి ఇటు. రెండింటిలో ఏది బోరు వైపు? వంగి చూశాడు. ఒకదానిలో అంగ పెద్దది, మునివేళ్ళు లోతుగా దిగాయి. ప్రతి పొద దగ్గరా ఆగి, చుట్టూ తిరిగి, కింద చూసి మళ్ళీ కదిలిన అడుగులవి. రెండోదానిలో అంగ చిన్నది, మడమలు ఈడ్చుకుంటూ, ఎక్కడా ఆగకుండా పోతోంది. వెతికి వెతికి, దొరక్క, ఇంటికి పోయే మనిషి నడక.

కీరన్ ఆ ఈడ్చుకుపోయే అడుగుల్లో తన అడుగులు వేశాడు. చీకటి పడ్డాక వెన్నెల్లో కూడా అవి కనబడుతూనే ఉన్నాయి.

ఊళ్ళో అప్పటికే కీరన్‌ని వెతకడానికి విమానం వచ్చింది. సార్జెంట్ నెవిల్ పోలీసు స్టేషన్లో గోడ మీద మ్యాప్ పెట్టి గడులు గీస్తున్నాడు. మెర్ల్ కర్ర పొడుచుకుంటూ లోపలికొచ్చింది.

"గీతలు తర్వాత గీద్దువు గానీ, నన్ను తూర్పు బోరుకి తీసుకెళ్ళు."

"మెర్ల్, విమానం ఆ పక్కంతా చూస్తోంది. నువ్వు జెనీన్ దగ్గరుండు."

"ఆ దిబ్బల్లో నా అడుగులు నువ్వు పుట్టకముందు నుంచీ ఉన్నాయి నెవిల్. తిరుగు అడుగులన్నీ ఆ బోరుకే వస్తాయి. వాడికి ఒక్కటి కనిపించినా చాలు. నువ్వు రాకపోతే తాళాలియ్యి, నేనే తోలుకుపోతా."

నెవిల్ ఆమె మోకాళ్ళ వైపు చూశాడు, మొహం వైపు చూశాడు, తాళాలు తీసుకున్నాడు.

తూర్పు బోరు దగ్గర తొట్టి అంచు మీద కూర్చుంది మెర్ల్. నెవిల్ ఫ్లాస్కులోంచి టీ పోసిచ్చినా తాగలేదు. చూపు దిబ్బల మీదే ఉంది. ఆ రాత్రంతా బండి లైట్లు అటే వేసి ఉంచారు. తెల్లారి, ఎండ ఇంకా చురుక్కుమనకముందు, శిఖరం మీద నల్లగా ఏదో కదిలింది. నెవిల్ గొడ్డేమో అనుకున్నాడు.

"గొడ్డు కాదు," అంది మెర్ల్. "అది నా నడక."

నిజమే. భుజాలు వాల్చి, మడమలు ఈడుస్తూ, ఆమె అడుగుల్లోనే అడుగులేస్తూ దిబ్బ దిగుతున్నాడు కీరన్. నెవిల్ నీళ్ళు పట్టుకుని పరిగెత్తాడు. మెర్ల్ కూర్చున్నచోటే రెండు చేతులూ చాపింది. అతను వచ్చి ఆమె ఒళ్ళో తల పెట్టేశాడు.

"గుక్క గుక్కగా తాగు, వెధవా. ఒక్కసారిగా తాగితే కక్కుకుంటావు," అంది మెర్ల్.

"అత్తా... ప్రతి పొదా చూశావు."

"మరి? చూడకుండా ఎలా వస్తాను?" తడి రుమాలుతో అతని పెదాల మీది ఇసుక తుడిచింది. "కెమెరా ఏదిరా?"

"ఎక్కడో వదిలేశాను."

"పోనీలే. దాన్ని నేను వెతకను."

కీరన్ నవ్వాడు. పగిలిన పెదవి మళ్ళీ చిట్లింది.

తిరుగు దారిలో అతను వెనక సీట్లో పడుకుని నిద్రపోయాడు. మెర్ల్ మాటిమాటికీ వెనక్కి తిరిగి అతని గుండె లేచి పడడం చూస్తోంది. ఊరి మొదటి ఇల్లు కనబడగానే నెవిల్ చెయ్యి పట్టుకుంది.

"సైరన్ వెయ్యి."

"ఇప్పుడెందుకు? మనిషి బాగానే ఉన్నాడుగా. రూల్సు ఒప్పుకోవు మెర్ల్."

"ఈ దారిలో ఎన్నిసార్లు ఉత్త చేతులతో తిరిగొచ్చానో నీకు తెలీదు. ఎవరి కిటికీ వైపూ చూడకుండా వచ్చేదాన్ని. ఇవాళ అందరూ బయటికి రావాలి. వెయ్యవయ్యా."

నెవిల్ వేశాడు. కొట్టులోంచి, పబ్బులోంచి, గ్యారేజీలోంచి మనుషులు వీధిలోకొచ్చారు. మెర్ల్ కిటికీ అద్దం పూర్తిగా దించి, మొహం బయటికి పెట్టి, ఒక్కొక్కరినీ పేరు పేరునా పిలుస్తూ వెనక సీటు చూపించింది. వీధి చివర జెనీన్ చెప్పులు కూడా వేసుకోకుండా ఎదురు పరిగెత్తుకొస్తోంది.