కదిలిన తల

ఉమాశంకర్ ఇంజనీరే గానీ అయిదేళ్లుగా కట్టిన వంతెనా లేదు, నడిపిన ఫ్యాక్టరీ లేదు. ఎమ్మారై మిషన్లో పేషెంటు తల కదిపితే బొమ్మ అలుక్కుపోతుంది. దాన్ని కంప్యూటరుతో మళ్లీ తేటపరచడమే అతని పరిశోధన. ఈ నెల థీసిస్ ఇచ్చేస్తే లెక్చరర్ ఉద్యోగం. లేకపోతే ఢిల్లీ బేర్ సరాయ్‌లో ఇదే ఒంటి గది, కింది మెస్సులోంచి ఇదే మాడు వాసన. భార్య ఇంద్రజ బెంగ అదే.

ఆఖరి బొమ్మకు ఆరోగ్యంగా ఉన్న మనిషి కావాలి. వస్తానన్న స్నేహితుడు జ్వరమని ముసుగుతన్నాడు.

"నువ్వు రాకూడదూ? కదలకుండా పడుకోవడమే పని," అన్నాడు ఉమాశంకర్.

"పడుకోవడమా! దీపు పుట్టాక ఆ భాగ్యమెక్కడిది? పదండి, అక్కడైనా పడుకుంటాను."

పేషెంట్లు లేని ఆదివారం ఆస్పత్రికి వెళ్లారు. ఒంటిమీద లోహమేదీ ఉండకూడదు. ఇంద్రజ దారానికి పసుపు కొమ్ము కట్టి తెచ్చుకుంది. అది మెడలో వేసుకున్నాకే పుస్తెలు తీసి మొగుడి చేతికిచ్చింది.

మిషను నడిపే ఆవిడ కొమ్మును తిప్పి చూసి, "యే క్యా, సబ్జీ కా మసాలా?" అని, కూరలో వేసే దినుసా అన్నట్టు నవ్వింది. "ఠీక్ హై దీదీ, హిల్నా మత్," అని కదలొద్దని హెచ్చరించింది.

ఇంటి దగ్గర్నుంచి తోడొచ్చిన పక్కగది కృష్ణకుమారి ఆంటీ దీపును ఎత్తుకుని వరండాలో నిలబడింది.

మిషను లోపల ఒకటే డప్పుల మోత. ఆ మోతలో దీపు ఏడుపు. తల తిప్పకూడదు, తెలుసు. తిప్పింది.

బయటికొచ్చి చూస్తే దీపు ఆంటీ భుజమ్మీద నోరు తెరుచుకుని నిద్రపోతోంది.

"కిక్కురుమనలేదమ్మాయ్," అంది ఆంటీ.

బొమ్మ చెదిరిపోయింది. ఉమాశంకర్ కోప్పడలేదు.

"ఇన్నాళ్లూ కదలికలన్నీ నేనే కంప్యూటర్లో కల్పించాను. నిజంగా కదిలిన తల ఇదే మొదటిది," అన్నాడు.

దాన్ని సీడీలో ఇంటికి తెచ్చి తన ప్రోగ్రాముకు ఎక్కించాడు. సాయంత్రానికి బొమ్మ తేటపడలేదు సరికదా, ఇంద్రజ నుదుటి పక్కన మరో నుదురు మొలిచింది.

"తీసిపారెయ్యండి. ఇంకెవరి తలో పెట్టుకోండి. ఎవరికి తెలుస్తుంది?" అంది ఇంద్రజ.

"రేపు నిజంగా జబ్బున్న మనిషి పడుకుంటుంది ఇందూ. ఆవిడకీ బయట పిల్లలుంటారు."

కోప్పడటానిక్కూడా ఇంద్రజకు ఓపిక లేకపోయింది.

"అయితే ఇంకో ఏడాదేనా?"

అతను తెరమీంచి కళ్లు తిప్పలేదు. "పట్టొచ్చు."

"మీ జేబులో నా పుస్తెలున్నాయి, ఇటివ్వండి."

వాటిని మెడలో వేసుకుని, కొమ్మును పారెయ్యబోయి ఆగింది. దారం చుట్టి పోపుల పెట్టె వెనక పెట్టింది.

"అదెందుకు?" అన్నాడు.

"మళ్లీ కదలాలిగా," అని దీపును భుజానేసుకుంది.