నాలుగో ట్యాంకు మూత

అదిగో, నేను చెప్పానా లేదా, ఉత్త కంటికి ఏమీ కనిపించనిచోట గ్యాసుని చూపించే ఈ కెమెరాలో నల్లటి పొగలా గుప్పుగుప్పున లేస్తోంది, నాలుగో ట్యాంకు నెత్తిమీద నుంచి గ్యాసు, నెల్లాళ్లుగా ముడిచమురు ట్యాంకుల చుట్టూ తిరిగినా ఎక్కడ పోతోందో దొరక్క ఇంజనీరు మొహం మాడ్చుకుంటే, కెమెరా ఒక్క పూట నాకివ్వండి సార్ అని నేనే అడిగాను, పట్టుకుంటే ఈ కెమెరా ఉద్యోగం నీదే అన్నాడు, పట్టుకున్నాను, ఎనిమిదేళ్లు ఈ మెట్లే ఎక్కి మూత తీసి టేపు వదిలి చమురు లోతు కొలిచినదాన్ని, నాకు తెలీదా ఎక్కడ చూడాలో, కాల్చిన గ్యాసు కంటే ఇలా ఊరికే పోయిందే భూమిని ఎక్కువ వేడెక్కిస్తుందని శిక్షణలో చెబితే ఆవలించాను, ఇప్పుడు చూస్తుంటే ఒళ్లు జలదరిస్తోంది, కెమెరా ఇంజనీరు చేతికిచ్చి మాస్కు బిగించి మెట్లు ఎక్కేశాను, మూత వాలి ఉంది గానీ గడియ పడలేదు, అంతే, అరచేత్తో ఒక్క నొక్కు, టక్, గ్యాసు ఆగిపోయింది, పూర్తిగా ఆగిపోయింది అని కింద కెమెరాలో చూస్తున్న ఇంజనీరు కేకేశాడు, నాకు నవ్వాగలేదు.

దిగేసరికి కాగితం తీశాడు, ఇక్కడ కొలిచేదెవరు, పేరు రాయాలి, ఇలాంటివాళ్లని ఇంటికి పంపించాల్సిందే అన్నాడు, నా తర్వాత ఇక్కడ కొలిచేది మా మరిది, పక్కనే ఉన్నాడు, నా వంక చూడడు, గడియ వేస్తే బిగుసుకుపోతుంది, సాయంత్రం మళ్లీ తియ్యలేక చస్తావు, ఊరికే వాల్చేసి దిగిపో అని మొదటి రోజే అతనికి నేర్పిందెవరు, నేనే, నాకెవరూ నేర్పలేదు, నా సొంత తెలివి, అబ్బో, ఎంత గొప్పగా చెప్పుకునేదాన్ని, ఎనిమిదేళ్లు రోజుకి రెండుసార్లు అలాగే వదిలేశాను, ఇప్పుడు నోరు మూసుకుంటే కెమెరా నాది, అతని కూడు పోతుంది, సిగ్గుతో చెవులు కాలిపోతున్నాయి.

నా పేరు రాయండి సార్, నేర్పింది నేనే, అనేశాను, వదినా, ఊరుకో అంటున్నాడు మరిది, ఎందుకు ఊరుకోవాలి, ఇంజనీరు కలం ఆగింది, ఇంకెవరికి నేర్పావు అన్నాడు, ఆ మాట వినగానే భయమంతా ఎగిరిపోయింది, తొమ్మిదిమందికి, ఇప్పుడు వాళ్లు తొమ్మిది చమురు స్టేషన్లలో ట్యాంకులు కొలుస్తున్నారు, వాళ్లు తలా ఎంతమందికి నేర్పారో, ఇక నెలల తరబడి వెతకక్కర్లేదు, ఉద్యోగం ఇచ్చినా పీకినా సరే, ఎక్కడెక్కడ పోతోందో కెమెరా లేకుండానే నేను చెప్పగలను, మూత వాల్చి వదిలేసే ఆ చేతులన్నీ నా చేతులే.